రంగు పూసిన కుండ చెమర్చదు

సంపాదకులకు నమస్కారం.

ఈజిప్టు ఆవిష్కరణల మీద మీ ఆదివారం అనుబంధంలో పేజీ వేసి మూడు వారాలైంది. సవరణ వస్తుందేమోనని చూశాను, రాలేదు. నీళ్ల జాడీ ‘జీర్’ పక్కన వేసిన బొమ్మే తప్పు. నిగనిగలాడే పింగాణీ పూత జాడీని వేశారు. పూత ఉంటే అది జీరే కాదు. కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి కూరగాయలు దాచే పద్ధతిని కూడా ఫారోల ఖాతాలో రాసేశారు. జీర్ పేరుతో చెలామణీ అవుతున్న ఆ జంట కుండను 1990లలో ప్రచారంలోకి తెచ్చింది నైజీరియా ఉపాధ్యాయుడు మొహమ్మద్ బా అబ్బా. దానికి 2000లో రోలెక్స్ అవార్డు కూడా వచ్చింది. ఈజిప్టు వాళ్లు నీళ్లకు వాడే జీర్ ఒంటి గోడది. పూత లేని పెద్ద బాన, కర్ర చట్రం మీదో రాతి పీట మీదో నిలబెడతారు.

నీళ్లు చల్లబడటం ‘మాయ’ అని రాసి వదిలేశారు. మాయేమీ లేదు. గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరుతుంది, గాలి తగిలి ఆవిరవుతుంది, ఆ ఆవిరికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోక్యాలరీలు కావాలి. బయటి వేడి లోపలికి రాకపోతే అది 58 లీటర్లను 10 డిగ్రీలు చల్లబరచడానికి చాలు. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా జరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే నీరు 23 డిగ్రీల దగ్గరికి దిగే వీలుంది. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న సముద్రతీరంలో 30కి దిగడమే కష్టం. రామగుండంలో పనిచేసినట్టు కుండ విశాఖలో పనిచేయదంటే తప్పు కుమ్మరిది కాదు.

జీర్ అడుగు నుంచి కారే చుక్కలను కూడా కైరోలో వృథా పోనిచ్చేవారు కారు. ‘కిల్గా’ అనే చెక్కిన పాలరాతి పీట మీద జాడీ కూర్చుంటుంది, ముందు చిన్న తొట్టి ఉంటుంది, వడకట్టిన నీరు అందులో చేరుతుంది. బురద నీరు తేరడానికి జాడీ లోపలి గోడకు చేదు బాదం నూరి రాసేవారు. మనవాళ్లు చిల్లగింజ అరగదీసేది కూడా ఇందుకే. అయితే తేట నీరంటే సురక్షితమైన నీరని కాదు. క్లోరిన్ కలపాల్సిందే, ఆ మాట మీ పేజీలో ఎక్కడా లేదు.

చిన్న కూజాను ‘ఖుల్లా’ అంటారు. బూడిద కలిపిన మట్టితో చేసే ఎగువ ఈజిప్టులోని కెనా కూజాలకు పెద్ద పేరు. పాత కైరో ఫుస్తాత్ తవ్వకాల్లో దొరికిన కూజాల మెడలోపల పక్షులు, జంతువుల ఆకారంలో చిల్లులు పెట్టిన మట్టి జల్లెడలు ఉన్నాయి. పురుగులు పడకుండా పెట్టినవి, ఎవరి కంటా పడని చోట అంత నగిషీ! ఆ కూజాలను గాలి తగిలే కిటికీలో పెట్టేవారు. ‘మష్రబియ్యా’ అనే చెక్క జాలీ కిటికీ పేరే ‘తాగడం’ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. వాస్తుశిల్పి హసన్ ఫతీ లక్సర్ దగ్గర కొత్త గుర్నా బడిలో పైనుంచి గాలిని గదిలోకి దించే గాలి గూడు కట్టి, అందులో తడి బొగ్గు పళ్లెం అమర్చి, గదిని 10 డిగ్రీలు చల్లబరిచాడు.

ఇక అసలు బాధ. కైరోలో ‘సబీల్’ అంటే మన చలివేంద్రమే. 1744లో కట్టిన అబ్దుల్ రహమాన్ కత్ఖుదా సబీల్ ఇప్పటికీ నిలిచి ఉంది, కింద నీళ్లు, పైన పిల్లల బడి. నేల కింద తొట్టిలో నైలు నీరు నింపి, కంచు జాలీలోంచి దారిన పోయేవారికి అందించేవారు. మన ఊళ్లలో ఏటా రిబ్బన్ కత్తిరించి పెట్టే చలివేంద్రాల్లో ఆ ఆలోచనలో పిసరంతైనా లేదు. కుండలకు ఎర్ర ఎనామిల్ రంగు పూసి, దాని మీద పేర్లు రాయిస్తారు. రంగు రంధ్రాలను మూసేస్తుంది, కుండ చెమర్చదు, నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. అప్పుడు కుండలను పక్కకు నెట్టి ప్లాస్టిక్ క్యాన్లు తెస్తారు. కొన్న కుండకు బిల్లు, క్యాన్లకు ఇంకో బిల్లు, రెండూ మన పన్నులే. ఫొటో దిగిన అధికారి మే నెలలో అటు తొంగి చూడడు. మట్టి కుండ పనికిరాదన్న పేరు మాత్రం మిగులుతుంది, కుమ్మరి నోటి దగ్గర కూడు పోతుంది. చూస్తుంటే ఒళ్లు మండుతోంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. రంపపు పొట్టు కలిపి కాల్చిన, పూత లేని రంజన్లు కొనాలి. కాలినప్పుడు పొట్టు మాడిపోయి రంధ్రాలు మిగులుతాయి. కొత్తదాన్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, మొదటి నీళ్లు పారబోయాలి. నేల మీద కాకుండా అడుగున కూడా గాలి ఆడేలా ముక్కాలి మీద, నీడలో, గాలి వచ్చే వైపు పెట్టాలి. మూల గదిలో పెడితే చుట్టూ తేమ పేరుకుని పని ఆగిపోతుంది. కుండకు గోనె చుడితే అది ఎప్పుడూ తడిగా ఉండాలి. గ్లాసు ముంచనివ్వకూడదు, పొడుగు పిడి గరిటె గానీ కొళాయి గానీ ఉండాలి. లవణాలు ఎక్కువున్న నీళ్లు పోసేచోట రెండు వారాల్లో బయట తెల్లటి ఉప్పు పొర కడుతుంది, కొబ్బరి పీచుతో రుద్ది ఎండబెట్టాలి. సబ్బు వాడొద్దు, మట్టి పీల్చుకుంటుంది. పీచు రుద్దినా చెమర్చకపోతే కుండ మార్చాలి.

మీరు బొమ్మను సవరించి, జంట కుండ ఘనతను నైజీరియాకు ఇవ్వండి. వచ్చే వేసవి చలివేంద్రాల టెండర్లలో ‘పూత లేని, రంగు వేయని కుండలు’ అన్న ఒక్క షరతు చేర్చమని పురపాలక కమిషనర్లను మీ పత్రికే అడగాలి. టెండర్లు పిలవకముందే, ఫిబ్రవరిలోనే అడగండి.

— ఒక పాఠకుడు, కరీంనగర్