మందుల చీటీ ఉంటే కేసు ఉండదా?

సంపాదకులకు నమస్కారం.

తాగి బండి నడపడం నేరమని ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. మరి డాక్టరు రాసిన మాత్ర వేసుకుని ఆ మత్తులో నడిపితే? బాగా చదువుకున్నవాళ్లను అడిగినా ‘చీటీ ఉందిగా, ఏమవుతుంది’ అనే జవాబే వస్తుంది. ఆ ధీమాకు చట్టంలో ఆధారం లేదు.

భారత మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అనగానే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అనే లెక్క గుర్తొస్తుంది. అదే సెక్షన్‌లో రెండో భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. డ్రగ్ ప్రభావం వల్ల బండిని అదుపులో ఉంచలేని స్థితిలో నడిపినా అదే నేరం. మొదటిసారికే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డ్రగ్ అంటే గంజాయో హెరాయినో మాత్రమేనని అక్కడ లేదు. చీటీ ఉన్నవాళ్లకు మినహాయింపు ఇస్తున్నామనీ లేదు.

మిగతా చోట్ల కూడా ఇంతే, కొన్నిచోట్ల ఇంకా స్పష్టంగా రాశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 మార్చి 2 నుంచి ఆందోళనకూ ఫిట్స్‌కూ వాడే డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ వంటి మందులకు రక్తంలో ఇంత అని పరిమితి పెట్టారు. డాక్టరు చెప్పినట్టే వాడుతూ పరిమితి దాటినవాళ్లకు ఆ కేసు నుంచి రక్షణ ఉంది. కానీ మందు వల్ల నడపలేని స్థితిలో ఉన్నారని తేలితే వేరే సెక్షన్ కింద కేసు తప్పదు. కాలిఫోర్నియాలో అయితే ఆ మందు వాడే హక్కు నాకుంది అని చెప్పుకోవడం రక్షణ కాదని వాహన చట్టంలోనే విడిగా రాసిపెట్టారు.

ఏ మందులు అంటే నిద్రమాత్రలే అనుకుంటారు. జలుబుకూ దురదకూ వాడే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత తరం అలర్జీ మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు సిరప్‌లు, నొప్పికి ట్రమడాల్, నరాల నొప్పికి ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, ఇవన్నీ మగత తెప్పించగలవు. రాత్రి వేసుకున్నది తెల్లారేసరికి దిగిపోతుందనే నమ్మకం కూడా పనికిరాదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మోతాదును ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో చెప్పింది. పొద్దున లేచాక కూడా కారు నడపలేనంతగా మందు రక్తంలో మిగిలి ఉంటోందన్నదే కారణం. డయాజెపామ్ అయితే ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. మందు మొదలుపెట్టిన మొదటి రోజులు, మోతాదు పెంచిన రోజులు మరీ జాగ్రత్త. దానికి తోడు ఒక్క పెగ్గు పడినా మత్తు బాగా పెరుగుతుంది. ఇన్సులిన్ కథ వేరు. అది మత్తు ఇవ్వదు, కానీ చక్కెర ఒక్కసారిగా పడిపోతే మనిషి తాగినవాడిలాగే తూలతాడు, తికమకపడతాడు.

ఊది చూపించే మిషన్‌లో ఇవేవీ దొరకవు కదా అని కొందరి లెక్క. తనిఖీలో దొరక్కపోవచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలి రక్తం నమూనా తీసుకున్న రోజున ఆ లెక్క తప్పుతుంది. ఈ మందు వాడుతూ బండి నడపొద్దని డాక్టరు రాసిన చీటీ మనల్ని కాపాడకపోగా, తెలిసీ నడిపాడనడానికి సాక్ష్యమవుతుంది. బీమాలోనూ చిక్కుంది. మద్యం, డ్రగ్స్ ప్రభావంలో నడిపితే సొంత బండి నష్టానికి డబ్బు ఇవ్వబోమన్న షరతు పాలసీల్లో మామూలే. డాక్టరు రాసిన మాత్ర అందులోకి వస్తుందా రాదా అన్న వాదన ప్రమాదం జరిగాకే మొదలవుతుంది.

నా అభ్యంతరం ఇక్కడే. శిక్ష పూర్తిగా డ్రైవరుకే, సమాచారం మాత్రం మిగతా అందరి దగ్గరా. హెచ్చరిక ఎక్కడో మడతపెట్టిన కాగితంలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫ్రాన్స్‌లో మందు పెట్టె మీదే పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో కారు బొమ్మ వేస్తారు. చదువు రానివాళ్లకూ అది అర్థమవుతుంది. మందు రాసేముందు ‘మీరు బండి నడుపుతారా?’ అని అడగడానికి డాక్టరుకు అర నిమిషం చాలు. ఆ ప్రశ్న ఎంతమంది అడుగుతున్నారు? లారీ, బస్సు, ట్యాక్సీ డ్రైవర్ల పరిస్థితి మరీ ఇబ్బంది. మందు వాడుతున్నానని యజమానికి చెబితే డ్యూటీ పోతుందని దాచిపెడతారు. వాళ్లను తప్పుపట్టడం సులువే. మందు వాడే ఆ నాలుగు రోజులు జీతంతో సెలవో, బండి నడపని పనో ఇచ్చే పద్ధతి లేనంతకాలం వాళ్లు దాస్తూనే ఉంటారు.

ఇది చదివి భయంతో ఎవరూ మందు మానేయకూడదు. మూర్ఛకు వాడే మందు హఠాత్తుగా ఆపితే స్టీరింగ్ దగ్గరే ఫిట్స్ రావచ్చు, అది మగతకన్నా ప్రమాదం. డాక్టరును అడిగితే మగత తక్కువగా ఉండే మందు రాయొచ్చు. అలర్జీకి ఫెక్సోఫెనడిన్ అలాంటిదే. లేదా వేసుకునే వేళ మార్చొచ్చు.

మగత తెప్పించే ప్రతి మందు స్ట్రిప్ మీద కారు బొమ్మతో హెచ్చరిక ఉండాలని, మందుల షాపులో అమ్మేటప్పుడు ఆ మాట నోటితో చెప్పి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. మందుల చీటీ ఉన్నవాడి విషయంలో ఏది నేరం, ఏది కాదు అన్నది చట్టంలోనే విడమరచి రాయాలి. అదంతా జరిగేలోగా మీ నుంచి ఒక సాయం కావాలి. మీ ఆరోగ్యం పేజీలో ఏ మందు గురించి రాసినా, అది వేసుకుని బండి నడపొచ్చో లేదో ఒక్క వాక్యం చేర్చగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు