మా నల్లగొండ ఆర్‌సెటీ సార్లకు, మేడమ్‌కు, వంటక్కకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మొన్న ఆగస్టు 15న పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో ప్రశంసా పత్రాలు అందుకున్నవాళ్లలో మా ఆర్‌సెటీ ఫ్యాకల్టీ సార్ కూడా ఉన్నారు. అదే వారంలో ఇంకో రెండు కబుర్లు తెలిశాయి. డైరెక్టర్ సార్ డిప్యుటేషన్ అయిపోయి తిరిగి బ్యాంకుకు వెళ్తున్నారు. ఆఫీసులో అప్లికేషన్లు తీసుకునే మేడమ్ దూరవిద్యలో పీజీ పూర్తిచేసి ఫ్యాకల్టీ అయ్యారు. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగారు, వాట్సాప్ స్టేటస్‌లు కూడా పెట్టుకున్నారు. బాగానే ఉంది. కానీ వీళ్లు అసలు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే చాలామంది చెప్పలేరు. వాళ్ల దగ్గర మోటర్ వైండింగ్ (కాలిన మోటర్‌కు రాగి తీగె మళ్లీ చుట్టే పని) నేర్చుకుని, దాని మీదనే బతుకుతున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ఆర్‌సెటీ అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. దీని మూలం కర్ణాటకలో ఉంది. 1982లో ధర్మస్థల దగ్గర ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటీ పెట్టాయి. ఆ పద్ధతి చూసి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2009 నుంచి జిల్లాకొకటి చొప్పున ఆర్‌సెటీలు పెట్టించింది. నడిపేది బ్యాంకులే. డైరెక్టర్‌గా వచ్చేది కూడా బ్యాంకు ఆఫీసరే. ఉండడానికి హాస్టల్, తిండి, శిక్షణ అన్నీ ఫ్రీ. ఫ్రీ అనగానే మనవాళ్లకు అనుమానం. "ఫ్రీగా నేర్పేది ఏం నేర్పుతరు, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తరు గంతే" అని మా బాబాయే అన్నాడు. ఇప్పుడు ఆయన బోరు మోటర్ కాలితే నా దగ్గరికే తెస్తాడు. పైసలు మాత్రం బాకీ పెడతాడు, అది వేరే సంగతి.

మాది కనగల్ మండలం. డిగ్రీ మధ్యలో ఆపేసి హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి పోయేవాణ్ని. జీతం రూమ్ రెంటుకు, తిండికి సరిపోయేది. ఇంటి దగ్గర నాన్నకు కొంచెం బత్తాయి తోట ఉంది. ఒక ఎండాకాలం బోరు మోటర్ మళ్లీ మళ్లీ కాలింది. టౌన్లో వైండింగ్ షాపుకు తీసుకుపోతే అక్కడ మా కంటే ముందు వచ్చిన మోటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో బత్తాయి చెట్టుకు నీళ్లు ఆగితే ఏమవుతుందో తోట ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పిందె రాలిపోతుంది. నాన్న ఫోన్లో టెన్షన్ పడుతుంటే, ఈ పనేదో నేనే నేర్చుకుంటే పోలా అనిపించింది. మా ఊరి మహిళా సంఘాల పని చూసుకునే సీసీ అక్క ఆర్‌సెటీ సంగతి చెప్పింది. నా మొదటి థ్యాంక్స్ ఆ అక్కకే.

అప్లికేషన్ పట్టుకుని పోతే మేడమ్ కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేశారు. రేషన్ కార్డు సరే, జాబ్ కార్డు సరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉంది. ఒక్క అక్షరం తేడా. నాకు అది కనిపించనే లేదు. మేడమ్ పెన్ను అక్కడే ఆగింది. "ఇప్పుడు ఇట్లనే రాసేస్తే సర్టిఫికెట్ మీద ఒక పేరు, అకౌంట్‌లో ఒక పేరు పడతది. రేపు లోన్ కాడ ఆపుతరు తమ్మీ. బ్యాచ్ మొదలయ్యేలోపు ఆధార్ సరిచేయించుకొని రా, నీ సీటు నేను ఆపుత" అన్నారు. చెప్పినట్టే సీటు ఆపారు. తర్వాత బ్యాంకులో ఆ ఒక్క అక్షరం ఎంత పని చేసిందో అప్పుడు తెలిసింది. ఆమె ఫ్యాకల్టీ అయ్యారని విన్నప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఎదుటివాళ్ల కాగితాలు అంత ఓపికగా చదివే మనిషి తన పుస్తకాలు చదువుకోకుండా ఉంటారా? సాయంత్రం ఐదు దాటాక ఆఫీసులో లైటు వేసుకుని కూర్చుని చదువుకోవడం మేము హాస్టల్ కిటికీలోంచి చూసేవాళ్లం. కంగ్రాట్స్ మేడమ్.

కోర్సు నెల రోజులు. వైండింగ్ నేర్పింది గెస్ట్ ఫ్యాకల్టీగా వచ్చిన మేస్త్రీ సార్. ఆయన ఆర్‌సెటీ ఉద్యోగి కాదు, బ్యాచ్ ఉన్నన్ని రోజులే వస్తారు. అందుకే ఆయన పేరు ఏ లిస్టులోనూ ఉండదు, ప్రశంసా పత్రం ఇచ్చేవాళ్లూ లేరు. ఇది నాకు నచ్చని విషయం, పైవాళ్లు ఆలోచించాలి.

మేస్త్రీ సార్ మొదటి రోజే ఒక కాలిన మోటర్ విప్పి టేబుల్ మీద పెట్టి, "దీన్ని చూసి ఏం జరిగిందో చెప్పండి" అన్నారు. మాకు నల్లగా మాడిపోయిన రాగి తీగె, కమురు వాసన తప్ప ఇంకేం తెలియలేదు. అప్పుడు చూపించారు. కాయిల్స్ అన్నీ ఒకే తీరుగా మాడితే ఓవర్‌లోడ్ అయినా అయ్యుండాలి, లో వోల్టేజీ అయినా అయ్యుండాలి. మూడు ఫేజుల కాయిల్స్‌ను లోపల కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ మోటర్లో రెండు ఫేజుల కాయిల్స్ మాడి ఒక ఫేజు కాయిల్స్ కొత్తవాటిలా మెరుస్తుంటే, ఆ మెరిసే ఫేజుకు కరెంటు రాలేదని అర్థం. అంటే సింగిల్ ఫేజింగ్, ఒక ఫేజు పోయినా మోటర్ మిగతా రెండింటి మీదే నడవడం. డెల్టా అయితే దీనికి తలకిందులు, ఒక్క ఫేజు మాడి మిగతా రెండూ బాగుంటాయి. "రైతుకు మోటర్ చుట్టి ఇచ్చుడు సగం పని. ఎందుకు కాలిందో చెప్పి పంపకపోతే వారంలో మళ్లీ నీ దగ్గరికే తెస్తడు. నీకు గిరాకీ, ఆయనకు అప్పు" అన్నారు.

ఈ మాట మీదనే నా షాపు నడుస్తోంది. చాలా మోటర్ల కథ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మొదలవుతుంది. ఒక ఫేజు ఫ్యూజు పోతుంది, ఎవరో లావు తీగె వేసి కట్టేస్తారు, ఇంకోసారి ఇంకో ఫేజు పోతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక ఇక మోటర్లు కాలవనుకున్నారు. లో వోల్టేజీ గోస తగ్గిన మాట నిజమే. కానీ కరెంటు రాగానే మోటర్‌ను దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి పోతే బోరులో నీళ్లు అడుగంటినా మోటర్ తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే లోపల బుష్‌లు, థ్రస్ట్ బేరింగ్ అరిగిపోతాయి, తర్వాత వైండింగ్ వంతు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ డ్రై రన్ కట్ అయ్యే ప్యానెల్ పెట్టించుకోమని చెప్తా. నీ గిరాకీ నువ్వే పోగొట్టుకుంటున్నావని పక్క షాపాయన నవ్వుతాడు.

బోరు లోపల నీళ్లలో ఉండే సబ్‌మెర్సిబుల్ మోటర్‌కు పాలీ వైర్ (ప్లాస్టిక్ పొర ఉన్న రాగి తీగె) వేయడం నేర్చుకునేటప్పుడు వేళ్లు కోసుకుపోయేవి. ఓపెన్ మోటర్లకైతే ఫార్మా (అచ్చు) మీద కాయిల్ చుట్టి స్లాట్‌లో (గాడిలో) దించొచ్చు. దీంట్లో స్లాట్ మూసి ఉంటుంది కాబట్టి ఒక్కొక్క చుట్టూ ఈ పక్క నుంచి ఆ పక్కకు గుంజాలి, మళ్లీ వెనక్కి గుంజాలి. ఎక్కడైనా వైర్ మీది పొర గీసుకుపోతే మొత్తం విప్పాల్సిందే, ఎందుకంటే ఆ మోటర్ లోపల నీళ్లుంటాయి. మేస్త్రీ సార్ కళ్లు మూసుకుని వైర్ మీద వేలు పెట్టి జరిపి "ఇక్కడ గీసుకుపోయింది" అని పట్టుకునేవారు.

ఇక ప్రశంసా పత్రం వచ్చిన మా ఫ్యాకల్టీ సార్. ఆయన చెప్పేది వ్యాపారం క్లాసు. ఒక రోజు నేల మీద కర్ర నిలబెట్టి, దూరం గీతలు గీసి, చేతికి రింగులు ఇచ్చి వేయమన్నారు. ఎంత దూరం నుంచి వేస్తావో నువ్వే చెప్పాలి, ఎన్ని పాయింట్లు కొడతావో ముందే చెప్పాలి. దూరం పెరిగిన కొద్దీ పాయింట్లు పెరుగుతాయి. పిల్లలాట అనుకున్నాం. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన దోస్తు ఒకడు అందరికంటే దూరం పోయి నిలబడి ఒక్కటీ వేయలేదు. నేను కర్ర పక్కనే నిలబడి అన్నీ వేశా, పాయింట్లు మాత్రం రాలేదు. సార్ బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాసి, "వీడు అప్పు చేసి పెద్ద షాపు పెడతడు, వాడు భయపడి అసలు షాపే పెట్టడు" అన్నారు. క్లాసంతా నవ్వు. తర్వాత మమ్మల్ని మార్కెట్ సర్వేకు పంపారు. టౌన్లో షాపులు తిరిగి, ఊళ్లలో రైతులను అడిగి రాసుకురమ్మన్నారు. అందరూ చెప్పింది ఒకటే మాట. చుట్టేవాళ్లు ఉన్నారు, కానీ బోరు కాడికి వచ్చి మోటర్ గుంజి, చుట్టి, మళ్లీ దించి పోయేవాళ్లు దొరకడం లేదు. నేను ఆ పనే పట్టుకున్నా. తండా దోస్తు, నేను కలిసి బోరులోంచి మోటర్ గుంజే చైన్ పుల్లీ కొన్నాం. అవును, దూరం నుంచి రింగులు వేసినవాడే. ఇద్దరం కలిస్తే లెక్క సరిపోయింది.

కొన్నామని సులువుగా రాశాను కానీ లోన్ దగ్గర చాలా నడిచింది. ముద్రా (చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన లోన్ పథకం) కింద తాకట్టు అక్కర్లేదని క్లాసులో చెప్పారు. మా వైపు ఒక బ్రాంచిలో, పేరు ఎందుకు లెండి, భూమి కాగితం తెమ్మన్నారు. భూమి నాన్న పేరు మీద ఉంది, తాకట్టుకు ఆయన ఒప్పుకోడు. మళ్లీ పోతే సారు మీటింగ్‌లో ఉన్నారు, ఇంకోసారి పోతే సర్వర్ డౌన్. ఇక వదిలేద్దామనుకుంటున్నప్పుడు ఫాలో-అప్ ఫోన్ వచ్చింది. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు మనం ఏం చేస్తున్నామో కనుక్కోవడం ఆర్‌సెటీ డ్యూటీ. ఫ్యాకల్టీ సార్ విషయం విని డైరెక్టర్ సార్‌కు చెప్పారు. డైరెక్టర్ సార్ తన బండి మీద బ్రాంచికి వచ్చారు. గొడవ పెట్టుకోలేదు. మేనేజర్ ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ, "మీరు ఇవ్వలేకపోతే పర్లేదు, రిజెక్ట్ చేసిన కారణం అప్లికేషన్ మీద రాసి ఇవ్వండి, నేను ఫైల్లో పెట్టుకుంటా" అన్నారు. అంతే. ఇన్నేళ్లు బ్యాంకులో చేసిన మనిషికి ఏ మాట ఎక్కడ పనిచేస్తుందో తెలుసు. అప్పుడు కాగితాలన్నీ మళ్లీ చూశారు, పేరులో తేడా ఏమీ దొరకలేదు. ఆ రోజు మేడమ్ గుర్తొచ్చారు.

ఆర్‌సెటీ ఆఫీసు గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, అందులో ఎంతమంది సెటిల్ అయ్యారు అని రెండు గడులు. ప్రశంసా పత్రాలు ఆ రెండో గడిని చూసే ఇస్తారనుకుంటా. ఆ గడిలో నేను ఒక అంకెను. ఆ ఒక్క అంకె వెనక ఒక ఆధార్ దిద్దుబాటు, ఒక ఫోన్ కాల్, ఎండలో బండి మీద చేసిన ప్రయాణం, ఒక చాయ్ ఉన్నాయి. మిగతా అంకెల వెనక ఏమేం ఉన్నాయో వాళ్లే రాయాలి. మా బ్యాచ్‌మేట్స్ ఎవరైనా ఇది చదువుతుంటే మీ సంగతి కూడా కింద రాయండి. ముఖ్యంగా షాపు పెట్టి, నడవక మూసేసినవాళ్లు. ఫాలో-అప్‌లో అలాంటివాళ్లనే సార్ ఎక్కువసేపు కూర్చోబెట్టి మాట్లాడతారని నాకు తెలుసు.

వంటక్క గురించి రాయకపోతే అన్నం అరగదు. పొద్దున్నే టిఫిన్, రాత్రి అడిగినవాళ్లకు జొన్న రొట్టె. వేళ్లు కోసుకున్నవాళ్లకు పసుపు పెట్టేది కూడా ఆమెనే. ఆ మధ్య బజారులో కనిపించి "ఏం బిడ్డా, షాపు నడుస్తుందా?" అని అడిగింది. నడుస్తుందక్కా.

డైరెక్టర్ సార్ ఏ బ్రాంచికి వెళ్తున్నారో ఇంకా తెలియదు. ఎక్కడికి వెళ్లినా అక్కడ లోన్ అప్లికేషన్ పట్టుకుని వచ్చే పిల్లలకు మంచి రోజులే. కొత్తగా వచ్చే డైరెక్టర్‌గారికి, మిగతా సిబ్బందికి మా తరఫున ఒక్కటే మాట. హాస్టల్ బోరు మోటర్ పాతది, నేను ఉన్నప్పుడే చప్పుడు చేసేది. కాలిపోయిందంటే బయట ఎవరికీ ఇవ్వకండి, కబురు పెట్టండి. గుంజుడు కూలి, చుట్టుడు కూలి తీసుకోం. వైర్ ఖర్చు మాత్రం తీసుకుంటాం. బిల్లు ఇస్తాం సార్, ఆడిట్‌లో ఇబ్బంది రాకుండా.