రోడ్డు వెడల్పు ఒక్కటే కాదండి, మమ్మల్ని కార్లలోంచి దింపే దారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

అమలాపురం, కొత్తపేట వైపు నుంచి రోజూ రాజమండ్రి ఉద్యోగాలకి పోయొచ్చేవాళ్లం చాలామందిమి ఉన్నామండి, బ్యాంకుల్లో చేసేవాళ్లు, ఆస్పత్రుల్లో చేసేవాళ్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, షోరూముల్లో లెక్కలు రాసేవాళ్లు. మా సంగతి ఎక్కడైనా ఎత్తితే 'కార్లలో తిరిగేవాళ్లకి కష్టమేంటి' అనేస్తారు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. కారు మాకు దర్జా కోసం కాదండి, వేరే దారి లేక. అక్కడే అద్దెకి ఇల్లు తీసుకోవచ్చు కదా అంటారు. ఇంట్లో అత్తమామలు పెద్దవాళ్లయ్యారు, పిల్లలు ఇక్కడి స్కూల్లో కుదురుకున్నారు, ఉన్న కాస్త కొబ్బరితోటకి దింపుల టైములో మనిషి దగ్గరుండాలి, ఇవన్నీ వదిలేసి పోలేం, పోయినా రెండు ఇళ్ల ఖర్చు జీతంలో తేలదు.

అమలాపురం నుంచి రాజమండ్రి సుమారు 65 కిలోమీటర్లు. దూరం పెద్దదేం కాదు, చిక్కంతా కోనసీమ చుట్టూ నీళ్లుండటంలోనే ఉంది. అటు గౌతమి, ఇటు వశిష్ట, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. బయట పడాలంటే జొన్నాడ దగ్గర వంతెన, సిద్ధాంతం వంతెన, యానాం ఎదుర్లంక వంతెన, దిండి చించినాడ వంతెన, లేదంటే బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ. కోటిపల్లి ముక్తేశ్వరం రేవులో మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు ఉంది గానీ గోదారికి వరదొస్తే అది ఆగిపోతుంది. లోపల ఊళ్లకి ఎంత మంచి రోడ్లు వేసినా చివరికి అందరం ఆ నాలుగైదు చోట్లకే వచ్చి పడాలి, కొబ్బరి లారీ అయినా, రొయ్యల కంటైనర్ అయినా, స్కూలు బస్సయినా, అంబులెన్సయినా. ఈ సంగతి మరిచిపోయి ఎవరు ప్లాన్ వేసినా అది పేపరు మీదే ఉండిపోతుంది.

పొద్దున్న రావులపాలెం సెంటర్ ఒక్కసారి వచ్చి చూడండి. అరటి మార్కెట్ యార్డుకి సరుకు వచ్చే టైము, మేం పోయే టైము ఒకటే. సైకిలుకి అటూ ఇటూ గెలలు కట్టుకుని తోసుకొచ్చే పెద్దాయన ఒక పక్క, గెలల మీద గెలలు పేర్చి వెనక ఏముందో కనపడని ట్రక్కు ఆటో ఇంకో పక్క, ఆ మధ్యలో బస్సు సరిగ్గా మలుపు దగ్గరే ఆగుతుంది, దాని ముందు షేర్ ఆటో, ఆటో డ్రైవరు ఒక కాలు బయటపెట్టి 'రాజమండ్రి రాజమండ్రి' అని పిలుస్తూ ఉంటాడు. వాళ్లనేమీ అనలేం, పొట్టకూటి కోసమే కదా నిలబడ్డారు. ఆగడానికి వాళ్లకి చోటు చూపించని తప్పు మనది. జంక్షన్ దాటి వంద గజాల అవతల రోడ్డుకి పక్కగా బస్ బే ఒకటి, ఆటోలకి స్టాండ్ ఒకటి కడితే సగం రద్దీ అక్కడే తగ్గుతుంది, దానికి కోట్లు అక్కర్లేదు.

దాని కంటే నాకు భయమేసేది కాలవ గట్టు రోడ్డండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ కాలవల్లో నీటితో పాటు పడవలు కూడా నడిచేవి, గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవల్ని లాక్కుంటూ నడిచేవారు. ఆ గట్ల మీదే తారు వేసుకుని ఈరోజు బస్సులూ లారీలూ ఎదురెదురుగా నడుపుతున్నాం. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఇళ్ల గుమ్మాలు. వెడల్పు చెయ్యమంటే ఎటు చేస్తారు? రైలింగ్ లేని చోట్ల కారు జారి కాలవలో పడిందనే వార్త మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివామో. డిసెంబర్ పొగమంచులో ఎదురు బండి హైబీమ్ వేసుకొస్తే గట్టు అంచు ఎక్కడుందో తెలీదు, అద్దం దించి తల బయటపెట్టి చూస్తూ నడపాల్సొస్తుంది.

సార్వా (ఖరీఫ్) కోతలు, దాళ్వా (రబీ) కోతలు వచ్చాయంటే ఆ కాస్త రోడ్డులో కూడా సగం ధాన్యానిదే. సాయంత్రానికి కుప్ప చేసి బరకం (టార్పాలిన్) కప్పి, ఎగరకుండా చుట్టూ రాళ్లు పెట్టి రైతు ఇంటికి పోతాడు, చీకట్లో ఆ నల్ల బరకం బైకు వాడికి దగ్గరకొచ్చేదాకా కనపడదు. రైతుని తిడితే ఏం లాభమండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు, అంత ఆరబెట్టాలంటే కళ్లం ఉండాలి, కళ్లాలన్నీ ఇళ్ల స్థలాలో చేపల చెరువులో అయిపోయాయి, ఇక రోడ్డు తప్ప గట్టినేల ఏది? ఊరికో సిమెంట్ కళ్లం కట్టిస్తే రైతుకి ధర పోదు, మాకు ప్రాణభయం పోతుంది. కట్టేదాకా కనీసం కుప్పల చుట్టూ రేడియం స్టిక్కర్లు అతికించిన డ్రమ్ములు పెట్టించండి.

ఇంక మేం ఎలా నెట్టుకొస్తున్నామో కూడా చెప్తాను, కొత్తగా ఈ దారి పట్టినవాళ్లకి పనికొస్తుంది. మేం నలుగురం కలిసి ఒకే కారులో పోతాం, ఒక మాస్టారు, ఆస్పత్రిలో పనిచేసే ఒక చెల్లి, బ్యాంకు తమ్ముడు, నేను. వారానికొకళ్ల కారు, పెట్రోలు ఖర్చు పంచుకుంటాం. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు ఫోను ఎత్తకూడదు, ఇంటి నుంచి వచ్చినా సరే పక్కవాళ్లే ఎత్తి మాట్లాడతారు. నడుపుతున్నవాళ్లకి నడుం పట్టేస్తే మొహమాటపడకుండా ఆపి మార్చుకుంటాం. ముందు బయల్దేరినవాళ్లు వాట్సాప్‌లో 'జొన్నాడ ఫ్రీగా ఉంది', 'వేమగిరి దగ్గర లారీ ఆగిపోయింది' అని వాయిస్ పెడతారు, దాన్ని బట్టి ఆత్రేయపురం మీదుగా బ్యారేజీకి పోవాలా వద్దా అని రావులపాలెంలో తేల్చుకుంటాం. బ్యారేజీ మీద రోడ్డు ఇరుకే, కానీ కొన్ని పూటలు అదే నయం. ఓవర్‌టేక్ చేసి మిగుల్చుకునే పది నిమిషాలు తర్వాతి జంక్షన్లో ఎలాగూ పోతాయి, అందుకని మాలో ఎవరూ తొందరపడరు.

ఒక విషయం ఆడవాళ్లం బయటికి చెప్పుకోం గానీ చెప్పాల్సిందే. ఇంట్లో బయల్దేరాక రాజమండ్రి చేరేదాకా నేనూ ఆ చెల్లీ గుక్కెడు నీళ్లు తాగం. ఎందుకంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దారిలో ఆగడానికి శుభ్రమైన బాత్రూం లేదు. ఎండాకాలంలో కూడా అంతే. యూరిన్ ఇన్ఫెక్షన్లు మాలో చాలామందికి మామూలైపోయాయి, డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమంటుంది, ఎలా తాగేదండి? పెట్రోలు బంకుల్లో ఉంటాయంటారు, కొన్ని చోట్ల తాళం, కొన్ని చోట్ల లోపలికి అడుగు పెట్టలేం. రావులపాలెంలో ఒకటి, వేమగిరి దగ్గర ఒకటి, ఊడ్చి కడిగే మనిషితో సహా పెడితే చాలు.

ఫ్లైఓవర్ల మాటకొస్తే, మోరంపూడి, జొన్నాడ లాంటి జంక్షన్ల దగ్గర ఫ్లైఓవర్లకి 2022లో శంకుస్థాపన చేశారు, మంచిదే, కాదనను. కానీ ఫ్లైఓవర్ దిగిన బండి మళ్లీ ఊళ్లోకే కదా పోవాలి. కడియపులంక దగ్గర ఆదివారం నర్సరీలు చూడ్డానికొచ్చినవాళ్ల కార్లు హైవే అంచునే ఆగి ఉంటాయి, మొక్కల్ని లారీల్లోకి అక్కడే ఎత్తుతుంటారు, ఫ్లైఓవర్ దానికేం చేస్తుంది? కార్లు పెరిగే కొద్దీ ఎంత కట్టినా చాలదు. మాలో సగం మంది కారు మానేస్తే మిగతా సగానికి ఉన్న రోడ్డే సరిపోతుందని నా నమ్మకం.

మానేయమంటే మానేస్తామండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సులో టికెట్ లేదు, నాకు నెలకి పెట్రోలు డబ్బులు మిగులుతాయంటే ఎందుకు ఎక్కను? అయితే ఉచితం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి, పైగా అన్ని స్టాపుల్లోనూ ఆగుతూ పోతే ఆఫీసు టైముకి అందుకోలేం. పొద్దున్న ఆఫీసు వేళకి అందేలా అమలాపురంలో బయల్దేరి కొత్తపేట, రావులపాలెంలో మాత్రం ఆగి నేరుగా రాజమండ్రి పోయే బస్సులు రెండు, సాయంత్రం అలాగే తిరుగు బస్సులు రెండు వేస్తే చాలు. ఉచితం వద్దు, టికెట్ పెట్టి వెయ్యమన్నా మేం ఒప్పుకుంటాం. కూర్చోడానికి సీటు, టైముకి రావడం, ఈ రెండే కావాలి.

రైలు సంగతి మీకు తెలియంది కాదు. కాకినాడ కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం టైములో పీకేశారు, మళ్లీ 2004లో గానీ రైలు రాలేదు. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో, బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు మంజూరైంది. ఆనాడు పుట్టిన పిల్లలు ఇవాళ ఉద్యోగాలు చేస్తున్నారు, అమలాపురం స్టేషన్‌లో రైలు మాత్రం ఎక్కలేదు. మూడు నదుల మీద మూడు వంతెనలు కట్టాలి, పని తేలిక కాదని ఒప్పుకుంటా, కానీ రాష్ట్రం ఇవ్వాల్సిన 25 శాతం వాటా దగ్గర, భూసేకరణ దగ్గర ఆగిన కాలమే ఎక్కువ. ఆ లైను వచ్చినా మా రాజమండ్రి ప్రయాణానికి నేరుగా పనికిరాదు, నాకు తెలుసు. కాకినాడ పోయేవాళ్లు, భీమవరం కాలేజీలకి పోయే పిల్లలు రైలెక్కుతారు, యానాం వంతెన మీద, చించినాడ వంతెన మీద బరువు తగ్గుతుంది. మాకు కాకపోయినా వాళ్లకన్నా తీరితే అదే చాలు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకీ రోడ్లకీ పనుల లిస్టులు రాసుకుంటున్న అధికారులు, మన ఎమ్మెల్యేలు, ఎంపీ గారు ఆ లిస్టులో ఇవి కూడా చేర్చాలని నా విన్నపం: గట్టు రోడ్డుకి రైలింగ్, రావులపాలెంలో బస్ బే, ఊరికో సిమెంట్ కళ్లం, రెండు చోట్ల ఆడవాళ్లకి బాత్రూములు. పొద్దున్నా సాయంత్రం బస్సులకైతే కట్టే పని కూడా లేదు, టైం టేబుల్ మారిస్తే సరిపోతుంది, పుష్కరాల దాకా ఆగక్కర్లేదు, వచ్చే నెల నుంచే మొదలెట్టొచ్చు. మీ పేపరు వాళ్లు ఒక పొద్దున్న మా కారులో రండి, సీటు సర్దుకుంటాం, చూసింది చూసినట్టు రాయండి.

ఇట్లు,
రోజూ ఈ దారిన పోయొచ్చే ఒక ఉద్యోగిని,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా