లువార్ వైపు పాత కోటలో ఉండొచ్చాం అమ్మా

అమ్మా,

వాట్సాప్‌లో ఫోటోలు చూసి "ఎవరి పెళ్ళికి వెళ్ళారే, అంత పెద్ద బంగళా" అని అడిగావు కదా. పెళ్ళీ లేదు పేరంటమూ లేదు, వారాంతానికి ఇంకో సెలవు కలిసొస్తే నేనూ మీ అల్లుడూ లువార్ నది వైపు వెళ్ళి ఒక పాత కోటలో ఉండొచ్చాం. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో "ఇంతకీ తిన్నారా" అని అడిగి అసలు కథ తప్పించేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నా. నాన్నకి కూడా చదివి వినిపించు, ముఖ్యంగా వాటాల సంగతి వచ్చేచోట.

పారిస్‌లో టీజీవీ అనే వేగం రైలు ఎక్కితే గంటా పావులో తూర్ ఊరి పక్కన దింపేస్తుంది. అక్కడ కారు అద్దెకి తీసుకుని షినోన్ వైపు వెళ్ళాం, దారంతా ద్రాక్ష తోటలే. ఈ ప్రాంతంలో కోటలకి కరువు లేదు. షాంబోర్ అని ఒకటుంది, 1519లో మొదలుపెట్టారు, రాజుగారు వేటకి వచ్చినప్పుడు దిగడానికి నాలుగు వందల పైచిలుకు గదులు, తీరా ఆయన జన్మంతా కలిపి అందులో ఉన్నది కొన్ని వారాలేనట! అవన్నీ టికెట్ కొని చూసి వచ్చేసే కోటలు. మేం దిగింది మాత్రం మనుషులు కాపురం ఉంటున్నది.

కోట అన్నాను కదా అని గోల్కొండ ఊహించుకోకు. తెల్లరాతి మేడ, ఒక మూల గుండ్రటి బురుజు, పైన ఏటవాలుగా నల్ల కప్పు. చిన్నప్పుడు మేం అఆలు దిద్దిన పలక ఉంది చూడు, కప్పంతా ఆ రాయే, పలచగా చీల్చి పెంకుల్లా పరుస్తారు. గోడల రాయిని తుఫో అంటారు, మెత్తటి సున్నపురాయి, కిటికీ పక్కన వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంది. ఆ చుట్టుపక్కల గుట్టల కడుపులోంచే తవ్వి తీశారట. తవ్వగా మిగిలిన గుహల్లో ఇప్పుడు వైన్ పీపాలు దాస్తున్నారు, పుట్టగొడుగులు పెంచుతున్నారు, కొన్నింటికి తలుపులూ కిటికీలూ పెట్టుకుని ఏకంగా కాపురాలే ఉంటున్నారు.

మేం వెళ్ళేసరికి ఇంటి మామ్మగారు రబ్బరు బూట్లతో, చేతిలో తోట కత్తెరతో ఎదురొచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, నా పెట్టె తనే లాక్కుని మెట్లెక్కబోతే నాకు ప్రాణం చచ్చిపోయింది. కొడుకు నిచ్చెన మీదున్నాడు, చూరు కాలవలో ఆకులు తీస్తున్నాడు. కోడలు బడిలో టీచరు, సెలవు రోజుల్లో వంట ఆవిడదే. పనివాళ్ళు, దర్వాన్లు ఎవరూ లేరు. నేను హోటల్ అని రాస్తున్నా గానీ ఇచ్చేది ఐదు గదులే. ఎందుకు, ఇంత ఇల్లుంది కదా అంటే చట్టం అంది. ఇలా ఇంట్లో ఉంటూ అతిథులకి గదులిచ్చేవాళ్ళకి ఐదు గదులు, పదిహేను మంది వరకే అనుమతి. పొద్దుట టిఫిన్ కూడా తప్పకుండా వాళ్ళే పెట్టాలి. అది దాటితే పెద్ద హోటళ్ళ రూల్స్ అన్నీ నెత్తికెక్కుతాయి.

మా గదికి నంబరు లేదు, వాళ్ళ ముత్తవ్వ పేరే గది పేరు. తాళంచెవి నా అరచేతికంటే పొడుగు. స్నానాలగది ఆ గుండ్రటి బురుజులో పెట్టారు, గోడ వంకర కాబట్టి తువ్వాలు కర్ర రెండు చివర్లే గోడకి ఆనింది, మధ్యలో చెయ్యి పట్టేంత సందు. పక్క గదివాళ్ళు కుళాయి తిప్పితే మాకు వేడినీళ్ళు సన్నబడేవి. అంత మందం గోడల్లోంచి వైఫై ఎలా వస్తుంది చెప్పు, మీ అల్లుడు రాత్రి పదింటికి మెట్ల మీద ఫోన్ పైకెత్తి నిలబడ్డాడు. మెట్లు కూడా చూడాలి నువ్వు, బురుజు లోపల చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి, ప్రతి మెట్టూ పాదం పడేచోట గుంటలా అరిగిపోయింది.

ఇంకొకటి. తోటవైపు గోడకి ఒకచోట కిటికీ చట్రం ఉంది గానీ కిటికీ లేదు, రాయి పెట్టి మూసేశారు. ఇక్కడ 1798 నుంచి 1926 వరకు ఇంటికి ఎన్ని తలుపులూ కిటికీలూ ఉంటే అంత పన్ను కట్టాలట! దాంతో ఉన్నోళ్ళూ లేనోళ్ళూ ఎక్కడికక్కడ కిటికీలు మూసుకున్నారు. వెలుతురు మీద పన్నేమిటి, ఏ బుర్రకి తట్టిందో గానీ.

తిండి విషయానికొస్తున్నా, ఊపిరి పీల్చుకో. మేం మాంసం తినం అని ముందే మెసేజ్ పెట్టాను. రాత్రి భోజనం అందరూ ఒకే బల్ల మీద, ఇంటివాళ్ళతో కలిసి. మాకు కూరగాయల సూపు, ఉల్లికాడల్లాంటి లీక్స్ పెట్టిన టార్ట్, తోటలో కోసిన ఆకుల సలాడ్. తర్వాత ఒక మేకపాల చీజ్ తెచ్చారు, సేంట్ మోర్ అని ఆ దగ్గర ఊరిదే, పొడుగ్గా ఉంటుంది, పైన బూడిద పూత, మధ్యలోంచి ఒక గడ్డిపరక దూర్చి ఉంటుంది. మామ్మగారు ఆ పరక లాగి దీపం దగ్గర పెట్టి చూపించింది, దాని మీద ఎవరు చేశారో సన్నటి అక్షరాల్లో కాల్చి రాసి ఉంది. మొదటి ముద్ద కాస్త మేక వాసనేసింది, తర్వాత బావుంది. మీ అల్లుడు మాత్రం గదికొచ్చాక బ్యాగులోంచి నువ్వు పంపిన కందిపొడి తీసి, మిగిలిన బ్రెడ్డుకి అద్దుకుని తిన్నాడు.

ఇక నాన్నకి. నెపోలియన్ 1804లో తెచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ పిల్లలందరికీ సమాన వాటా, కొడుకైనా కూతురైనా, తల్లిదండ్రులు ఎవరికీ పూర్తిగా ఎగ్గొట్టడానికి లేదు. మన దగ్గర పిత్రార్జితంలో ఆడపిల్లకి ఆ హక్కు రావడానికి ఎన్టీఆర్ దాకా ఆగాల్సొచ్చింది, కాబట్టి మంచిదే. కానీ ఇంకో నియమం ఉంది, ఉమ్మడిలో ఉండమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. ఒక్కరు పంచమంటే పంచాల్సిందే. కోటని నలుగురికి కోసి పంచలేరు కదా, అందుకే ఇలాంటి ఇళ్ళు చాలా అమ్ముడుపోయాయి, సామాన్లు వేలానికి పోయాయి. ఈ మామ్మగారి మామగారు తెలివైనవాడు, ఇల్లు కుటుంబ కంపెనీ పేర పెట్టి పిల్లలకి షేర్లు ఇచ్చాడు. బయటికి పోదామనుకున్నవాళ్ళు ముందు తోబుట్టువులకే అమ్మజూపాలి. ఏడాదికోసారి అదే బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు చూసుకుంటారట. గొడవలు పడరా అని అడిగాను. "ప్రతి ఏడూ పడతాం, తర్వాత భోంచేస్తాం" అంది.

ఆ లెక్కల్లో సగం కప్పుదే. పలకరాయికి పేరుపడ్డ గని ఆంజే పక్కన ఉండేది, 2013లో మూసేశారు, ఇప్పుడు ఫ్రాన్స్‌కి వచ్చే పలక ఎక్కువగా స్పెయిన్‌దే. పైగా 1913 నాటి చట్టం కింద చారిత్రక కట్టడమని నమోదయిన ఇల్లు, తమ ఇంటికి తాము మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. బదులుగా ప్రభుత్వం ఖర్చులో కొంత ఇస్తుంది, పన్నులో కొంత తగ్గిస్తుంది. 2018 నుంచి పాత కట్టడాల కోసమని ఒక లాటరీ కూడా నడుపుతున్నారు, మామ్మగారు ఏటా టికెట్ కొని గీకుతుందట. సెప్టెంబర్ మూడో వారాంతం దేశమంతా ఇలాంటి ఇళ్ళ తలుపులు తెరుస్తారు, అప్పుడు మనవలే గైడ్లు.

బయట పావురాల గూడు చూసినప్పుడు మాత్రం తాతయ్య చెప్పే దివాణం కబుర్లు గుర్తొచ్చాయి. గుండ్రటి రాతి గది, లోపల గోడంతా వరసగా కన్నాలు. ఇలాంటివి కట్టుకునే హక్కు దొరలకే ఉండేది. పావురాలు రైతు చల్లిన గింజలు తినేసేవి, రైతు వాటిని కొట్టడానికి లేదు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1789 ఆగస్టు 4 రాత్రి వెర్సాయ్‌లో జరిగిన సభలో రద్దుచేసిన హక్కుల్లో ఇదీ ఉంది. ఇప్పుడు దాంట్లో సైకిళ్ళు పెట్టుకున్నారు.

రాత్రికి ఎంతిచ్చామో అడగొద్దు, చెప్పను. ఆ డబ్బుకి పారిస్‌లో లిఫ్టూ ఏసీ ఉన్న హోటల్ వస్తుంది. నాకైతే ఇదే నచ్చింది, నేల కిర్రుమన్నా సరే.

మన మండువా ఇంటి గురించి పెదనాన్న అమ్మేద్దామనీ, చిన్నాన్న సంతకం పెట్టననీ ఎన్నేళ్ళుగా నలుగుతోంది! ఈలోపు పెంకులు జారి దూలాలు తడుస్తున్నాయి. ఇలా కుటుంబమంతా కలిసి ఒక సంస్థగా పెట్టుకోవడం మన చట్టంలో ఎలా కుదురుతుందో నాన్నని అమలాపురంలో లాయరుగారిని అడగమను. నా వాటా డబ్బు నాకిప్పుడు అక్కర్లేదు, కప్పు బాగుచేయడానికి నేనూ కొంత పంపుతాను. కానీ ఈ ఉత్తరం చిన్నాన్నకి మాత్రం చూపించకు, ఫ్రాన్స్ వెళ్ళి మాకు నీతులు చెబుతోంది అంటాడు. ఆయనతో నేనే ఆదివారం మాట్లాడతాను. కందిపొడి అయిపోయింది, ఈసారి కాస్త కారం తగ్గించి పంపు.

నీ
చిట్టి