గడ్డ క్యాన్సరే అన్నారు, మరి గ్రేడ్ ఎంత?

ఎడిటర్ గారికి,

మీ ఆరోగ్యం పేజీలో సార్కోమాల మీద, అంటే కండరం, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. తొడలో గడ్డ నొప్పి లేదని వదిలేయొద్దు, 5 సెంటీమీటర్లు దాటితే, లోతుగా ఉంటే వెంటనే చూపించుకోండి అని బాగానే రాశారు. కానీ వ్యాసమంతా స్టేజ్ (క్యాన్సర్ ఎంత పెరిగింది, ఎంతవరకు పాకింది) చుట్టూనే తిరిగింది, గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయి) అన్న మాట ఒక్కసారీ రాలేదు. పెద్దవాళ్లకు వచ్చే మృదు కణజాల (ఎముక కాని కండరం, కొవ్వు లాంటివి) సార్కోమాల్లో స్టేజ్ తేల్చాలన్నా గ్రేడ్ కావాలి. ఇవి చాలావరకు లింఫ్ గ్రంథుల జోలికి పోకుండా రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరతాయి, ఆ ముప్పు ఎంతో ముందే అంచనా వేయడానికి, గడ్డ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పరీక్షించే పాథాలజిస్టుల దగ్గరున్న గట్టి ఆధారం గ్రేడే.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఎక్కువగా వాడేది ఫ్రెంచి క్యాన్సర్ కేంద్రాల సమాఖ్య పద్ధతి. కణాలు మామూలు కణజాలాన్ని ఎంతవరకు పోలి ఉన్నాయన్నదానికి 1 నుంచి 3 మార్కులు. మైక్రోస్కోప్ కింద 10 ఫీల్డుల్లో (ఫీల్డ్ అంటే ఒకసారికి కనిపించే గుండ్రటి భాగం) విభజన చెందుతున్న కణాలు 9 వరకు ఉంటే 1, 19 వరకు 2, 20 లేదా ఎక్కువుంటే 3. గడ్డలో చచ్చిపోయిన భాగం లేకపోతే సున్నా, సగం కంటే తక్కువుంటే 1, సగం లేదా ఎక్కువుంటే 2. మొత్తం 2, 3 వస్తే గ్రేడ్ 1. 4, 5 అయితే గ్రేడ్ 2. 6 నుంచి గ్రేడ్ 3.

సైనోవియల్ సార్కోమా అనే రకాన్ని తీసుకోండి, మొదటి అంశంలోనే దానికి 3 పడతాయి. విభజనలు 12, చచ్చిన భాగం కొంచెం ఉంటే మొత్తం 6, అంటే గ్రేడ్ 3. అదే గడ్డలో చురుగ్గా లేని చోట లెక్కపెట్టి 8 అని రాస్తే మొత్తం 5, గ్రేడ్ 2 అయిపోతుంది! అందుకే విభజనలు ఎక్కువున్న చోటే లెక్కపెట్టాలి. మైక్రోస్కోప్ మారితే ఫీల్డ్ వైశాల్యం, దాంతోపాటు ఈ లెక్క కూడా మారతాయి, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువే.

నా దగ్గరికి రెండో అభిప్రాయం కోసం వచ్చే రిపోర్టుల్లో కొన్నింటిలో "సార్కోమా" అని ఒక్క ముక్క ఉంటుంది, లెక్కలేవీ ఉండవు. కొన్నిసార్లు కీమో అయ్యాక తీసిన గడ్డ పంపి గ్రేడ్ చెప్పమంటారు. మందుకు చచ్చిన కణాలేవో, వాటంతటవే చచ్చినవేవో ఎలా తేల్చేది? చికిత్సకు ముందు తీసిన ముక్క మీదే ఈ లెక్క నిలుస్తుంది. సూదితో తీసే ముక్క చిన్నది కాబట్టి అసలు గ్రేడ్ కంటే తక్కువగా కనిపించే అవకాశమూ ఉంది, స్కాన్ చూసి గడ్డ చురుగ్గా ఉన్న చోటు నుంచి నాలుగైదు ముక్కలు తీయాలి. ఇక కొవ్వు గడ్డే కదా అని కోసేసి పరీక్షకే పంపని వాళ్ల సంగతి ఏం చెప్పను.

గ్రేడ్ అన్నింటికీ పనిచేయదన్నదీ నిజమే. ఆల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా అనే అరుదైన రకంలో విభజనలు పెద్దగా కనపడవు, అయినా ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకుతుంది. గ్రేడ్ 2 దగ్గర ఎటూ తేల్చుకోలేని కేసులెన్నో. ఇలాంటివాటికే ఫ్రాన్స్‌లో 67 జన్యువుల పరీక్ష ఒకటి తయారుచేసి 2010లో ప్రచురించారు, అది మన ఊళ్లలో రోజువారీ పరీక్షల్లోకి రాలేదు.

వీలైతే వచ్చే వారం ఒక చిన్న బాక్స్ వేయండి: రిపోర్టు చేతికి రాగానే గ్రేడ్ ఎంత, ఏ పద్ధతిలో ఇచ్చారు, ఊపిరితిత్తుల సీటీ తీశారా అని డాక్టర్‌ని అడగమని.

- ఒక పాథాలజిస్టు, గుంటూరు