చంటీ, ఆ టెస్ట్ సంగతేంటి?

ఒరేయ్ చంటీ,

పది రోజులైంది నీ గొంతు విని. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, అందుకే ఇలా టైప్ చేస్తున్నా. ఇక్కడంతా బానే ఉంది. రత్తమ్మ కూతురికి సంబంధం కుదిరింది, మీ నాన్న మళ్ళీ ఇన్వర్టర్‌తో కుస్తీ. లివర్లో చీముకి పెట్టిన పైపు తీసిన చోట మానిందా?

నిన్న సుజాత నోరు జారింది. డిశ్చార్జి కాగితంలో కొలనోస్కోపీ, అదే పెద్దపేగులోకి కెమెరా పెట్టి చూసే టెస్టు, చేయించుకోమని ఉందట కదా, నువ్వేమో చీము పోయింది జ్వరం పోయింది ఇంకెందుకు అన్నావట. నాకు చెప్పొద్దన్నావట కూడా.

సరే, మామిడి పూత ఈసారి మంచుకి మాడిపోయింది. మీ పెద్దమావయ్య ఉంటే ఏదో ఒకటి కొట్టించేవాడు. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు వాడికీ ఇదేరా, చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి, చెమటకి దుప్పటి పిండితే నీళ్ళు. మన వైపు లివర్లో చీమంటే ముందు కల్లే అంటారుగా, వాడు మానేసి ఆరేళ్ళయినా ఎవరూ వినలేదు, మా వదినైతే దొడ్లో తాటిచెట్టుకి రోజూ శాపనార్థాలు. సూదితో లాగితే స్టీలు గ్లాసుడు వచ్చింది, నా కళ్ళతో చూశా. అమీబా కాదు బ్యాక్టీరియా అన్నారు. అదెక్కణ్ణించి వచ్చిందని వాళ్ళూ చూళ్ళేదు, మేమూ అడగలేదు. నెలన్నర మందులు మింగి సంక్రాంతికి కోడిపందేలకి తయారు! మరుసటేడు రక్తం పడుతుంటే పైల్స్ అని నాటుమందు వాడాడు. తర్వాత సంగతి నీకు తెలుసు.

మన రజని చెప్పింది, పేగుల్లోంచి రక్తం ముందు లివర్‌కే పోతుందట, పెద్దపేగులో గడ్డ లేచి గోడ పుండైతే అక్కడి బ్యాక్టీరియా కూడా ఆ దారినే పోతుందట. నీ చీముని ల్యాబ్‌లో కల్చర్ చేస్తే వచ్చిన క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఉందే, తైవాన్, కొరియా వైపు దాంతో లివర్లో చీము పట్టినవాళ్ళని కొన్నేళ్ళు గమనిస్తే పెద్దపేగు క్యాన్సర్ మామూలువాళ్ళ కంటే ఎక్కువగా బయటపడిందట. చాలామందికి ఏమీ ఉండదులే, నీకు షుగర్ ఉంది, దానివల్లే అయ్యుండొచ్చు. కానీ చూడకుండా ఎలా తెలుస్తుందిరా? నలభై నాలుగేళ్ళొచ్చాయి, నేను చెప్పాలా?

మత్తిస్తారు, నొప్పి తెలీదు. ముందు రోజు తాగే ఆ ఉప్పునీళ్ళే కాస్త వెగటు, ఫ్రిజ్‌లో పెట్టుకుని తాగు. రెండు రోజుల ముందునుంచి ఆకుకూరలు, జామకాయలు వద్దు. షుగర్ మాత్రల సంగతి డాక్టర్ని అడుగు, ఖాళీ కడుపున నీ ఇష్టానికి వేసేసుకోకు.

శుక్రవారం గౌతమికి టికెట్ తీశా. మీ నాన్నకి సుజాతని చూడ్డానికని చెప్పా. కందిపొడి తెస్తున్నా, టెస్టయ్యాకే మూత తీసేది.

అమ్మ