చీటీ లేకుండా అమ్మే తెల్లబడే క్రీములు

సంపాదకుడు గారికి,

మా పలాస, కాశీబుగ్గలోనే కాదు, సోంపేట వెళ్ళినా ఇచ్ఛాపురం వెళ్ళినా చాలా మందుల షాపుల్లో "తెల్లబడే క్రీము ఇవ్వండి" అంటే చాలు, ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని ఒక్క మాట అడక్కుండా స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెట్టేస్తున్నారు. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ లాంటి పేర్లు దాని మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరు చదువుతారు? ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి చర్మ జబ్బులకు డాక్టరు చూసి, ఇన్ని రోజులే అని చెప్పి రాయాల్సిన మందులు ఇవి. మన పిల్లలు పౌడరులా రోజూ రాసుకుంటున్నారు.

దీన్ని అందం పిచ్చి అని కొట్టిపారేయకండి, ఇది అలవాటు పడే వ్యవహారం. రాసిన కొద్ది రోజులకే రక్తనాళాలు ముడుచుకుని ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది, అందరూ బాగున్నావంటారు. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, మీసాల్లాంటి వెంట్రుకలు వస్తాయి. ఆపితే ఇంకా ఘోరం. మా చెల్లెలి కూతురు పెళ్ళిచూపుల ముందు మొదలుపెట్టింది. భయపడి మానేస్తే ముఖమంతా ఎర్రగా కందిపోయి, పొయ్యి దగ్గర నిలబడలేక, ఎండలోకి రాలేక, చూసిన ప్రతివాళ్ళూ "ఏటమ్మా, మొహం అలాగయిపోనాది?" అంటుంటే తట్టుకోలేక మళ్ళీ అదే ట్యూబు తెచ్చుకుంది. రాయగానే మంట తగ్గింది. ఇక ఎలా మానుతుంది చెప్పండి? చర్మ వైద్యులు దీనికి స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అని పేరే పెట్టారు. ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి, నెలలు పడుతుంది.

తెల్లవాళ్ళ దేశాల్లో దీనికి సరిగ్గా తిరగేసిన అలవాటు ఉంది. అక్కడ చర్మం గోధుమ రంగుకి రావాలని ఎండలో పడుకుంటారు, అతినీలలోహిత దీపాలున్న మంచాల మీద పడుకుంటారు. 2014లో అమెరికా పరిశోధకులు ఎలుకల మీద ఆ కిరణాలు రోజూ వేసి చూస్తే వాటి రక్తంలో ఎండార్ఫిన్లు (ఒంట్లోనే తయారయ్యే మత్తుమందు లాంటి రసాయనాలు) పెరిగాయి, మత్తుమందుల ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇస్తే మత్తు మానేసినప్పటి బాధల్లాంటివి కనిపించాయి. ఈ ఎండ అలవాటుని వ్యసనాల జాబితాలో ఇంకా అధికారికంగా చేర్చలేదు గానీ, ఆ మంచాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2009లోనే తేల్చింది, బ్రెజిల్ అదే ఏడాది నిషేధించింది. మానలేకపోవడం మనిషి బలహీనత అని వదిలేయకుండా అమ్మేవాళ్ళ మీద పడ్డారు. మనమేమో పిల్లల్నే తిడుతున్నాం.

పేరూ ఊరూ లేని డబ్బాల సంగతి మరీ భయం. కొన్ని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఉంటుంది, అది కిడ్నీని దెబ్బతీస్తుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఒక అరుదైన రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన వాళ్ళను డాక్టర్లు ఆరా తీస్తే చాలామంది ఇలాంటి క్రీములు వాడినవాళ్ళే. మా ఉద్దానం ప్రాంతంలో ఎందరికో ఉన్న కిడ్నీ జబ్బుకి ఇదే కారణమని నేను అనడం లేదు. కానీ ఇంటింటికీ డయాలసిస్ అంటే ఏంటో తెలిసిన ఈ మండలాల్లో, కిడ్నీల కోసమే పలాసలో ప్రత్యేక ఆసుపత్రి కట్టుకున్న చోట, కిడ్నీని దెబ్బతీసే డబ్బా బ్యూటీ పార్లర్ బల్ల మీద ఉండొచ్చంటే నాకు నిద్ర పట్టడం లేదు.

చట్టం లేక కాదు. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మామూలు మనుషుల్లా వెళ్ళి ఒక ట్యూబు అడిగి చూడాలి, చీటీ లేకుండా ఇచ్చిన షాపు మీద చర్య తీసుకోవాలి. పార్లర్లలో లేబుల్ లేని డబ్బాలు పట్టుకుని ల్యాబుకి పంపాలి. శ్రీకాకుళం పెద్దాసుపత్రి చర్మ వైద్యుల్ని వారానికి ఒక రోజైనా పలాస పంపితే, ఇప్పటికే అలవాటు పడ్డ ఆడపిల్లలు బస్సు ఛార్జీలూ ఇంట్లో చీవాట్లూ లేకుండా చూపించుకుంటారు. మగపిల్లలూ వాడుతున్నారు, వాళ్ళూ రావాలి. జిల్లా కలెక్టర్ గారు ఈ పెళ్ళిళ్ళ సీజన్ లోపే ఈ తనిఖీలు మొదలుపెట్టించాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా